చిన్న కాలేజీ ఊళ్లో మంచి బీరు ఎలా దొరుకుతుంది

ట్యాపుల (పీపా నుంచి బీరు పట్టే కుళాయిల) సంఖ్య చూసి బార్‌ని ఎంచుకోవద్దు. చిన్న కాలేజీ ఊళ్లో మంచి క్రాఫ్ట్ బీరు, అంటే చిన్న బ్రూవరీల్లో (బీరు కాచే చోట్లలో) కాచే బీరు, కోసం వెతుకుతున్నానని ఎవరైనా అంటే నేను ముందు చెప్పే మాట ఇదే.

ముందు చదువు, ఆ తర్వాత కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఉద్యోగం. ఈ రెండింటి పుణ్యమా అని నేను ఉన్నవన్నీ యూనివర్సిటీ మీద ఆధారపడి బతికే చిన్న ఊళ్లే. ఇలాంటి ఊళ్లో తాగేవాళ్లు రెండు రకాలు. చల్లగా, చవగ్గా, ఎక్కువగా ఉంటే చాలనుకునే కుర్రాళ్లు మొదటి రకం. వాళ్ల వల్లే బార్లు నడుస్తాయి. పీహెచ్‌డీ చేసేవాళ్లు, ప్రొఫెసర్లు, ల్యాబుల్లో పనిచేసేవాళ్లు రెండో రకం. సంఖ్యలో వీళ్లు తక్కువే అయినా ఒక్క గ్లాసు ముందు పెట్టుకుని గంటసేపు మాట్లాడతారు, రుచి గురించి పట్టింపు ఉంటుంది. పెద్ద నగరంలో ఈ రెండో రకం జనం కోసమే ప్రత్యేకంగా బార్లు ఉంటాయి. చిన్న ఊళ్లో అలా కుదరదు. రెండు రకాలవాళ్లూ వెళ్లేది ఒకే చోటికి. అందుకే ఇక్కడ మంచి బీరు బోర్డు పెట్టుకుని కనిపించదు, మనమే వెతుక్కోవాలి.

ట్యాపుల లెక్కకు వస్తాను. ముప్ఫై ట్యాపులున్న బార్ చూడగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఆ ముప్ఫై పీపాలూ ఖాళీ చేసే జనం ఊళ్లో ఉన్నారా? చిన్న బ్రూవరీలు చాలావరకు తమ బీరును పాశ్చరైజ్ చేయవు. అలాంటి పీపా చల్లగా ఉంచినా నలభై అయిదు నుంచి అరవై రోజుల్లోపు అయిపోతేనే దాని అసలు రుచి ఉంటుందని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు చెబుతారు. జనమంతా నాలుగైదు ట్యాపుల మీదే పడితే మిగిలిన పీపాలు వారాల తరబడి అలాగే కూర్చుంటాయి. ఆరే ట్యాపులుండి, ఆరూ చకచకా మారుతుండే బార్ నాకు దీనికంటే వెయ్యి రెట్లు నయం.

కాబట్టి కొత్త బార్‌లో అడుగుపెట్టగానే "మీ దగ్గర ఏది బాగుంటుంది?" అని అడగను. ఆ ప్రశ్నకు ఎవరైనా అన్నీ బాగుంటాయనే అంటారు. "ఈ వారం కొత్తగా తగిలించిన పీపా ఏది?" అని అడుగుతాను. టక్కున చెప్పగలిగితే అక్కడ బీరును పట్టించుకునే మనిషి ఉన్నట్టు. "మంగళవారం రెండు వచ్చాయి, పేల్ ఏల్ నిన్నే తగిలించాం, స్టౌట్ ఇంకా లోపలే ఉంది" అనే స్థాయి జవాబు వస్తే ఇక ఆ బార్ నాదే. (పేల్ ఏల్ లేతరంగు బీరు, స్టౌట్ నల్లటిది.) సరుకు ఏ రోజు దిగుతుందో కూడా కనుక్కుంటాను. తెలిశాక ఆ మర్నాడు వెళ్లడం అలవాటు చేసుకుంటాను.

చాలామందికి తట్టనిది అకడమిక్ క్యాలెండర్. ఊళ్లో బీరు తాజాదనమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. క్లాసులు మొదలైన వారంలో షాపుల అరలన్నీ తేలిగ్గా ఉండే లైట్ లాగర్ బీరు కేసులతో నిండిపోతాయి, క్రాఫ్ట్ బీరు ఓ మూలకి పోతుంది. సెమిస్టర్ మధ్యలో అన్నీ సర్దుకుని పీపాలు వేగంగా తిరుగుతాయి. వెతకడానికి అసలైన కాలం అదే. పరీక్షల వారంలో బార్లు ఖాళీ, పరీక్షలు అయిపోయిన రాత్రి కిటకిట, ఆ తర్వాత సెలవులు. సెలవుల్లో ఊరు సగానికి సగం ఖాళీ అయిపోతే, అంతకుముందు తగిలించిన పీపాల గతేమిటి? అందుకే సెలవులు ముగిసి జనం తిరిగొచ్చిన మొదటి రెండు మూడు రోజులు నేను డ్రాఫ్ట్ బీరు (ట్యాపు నుంచి పట్టే బీరు) జోలికి పోను. ముఖ్యంగా హాప్స్ (బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే పూలు) ఎక్కువగా ఉండే ఐపీఏల (ఇండియా పేల్ ఏల్ రకం బీర్ల) జోలికి అసలే పోను. పాత పీపాలు ఖాళీ అయి కొత్తవి వచ్చాక వెళ్తాను. ఆ కొద్ది రోజులూ క్యాన్లతో సరి.

క్యాన్ కొనేటప్పుడు మొదట చూడాల్సింది దాని అడుగు. ముందున్న బొమ్మ తర్వాత చూసుకోవచ్చు. ప్యాక్ చేసిన తేదీ సాధారణంగా అడుగునే ఉంటుంది. కొందరు తేదీ వేయకుండా సంవత్సరంలో అది ఎన్నో రోజో అంకెల్లో వేస్తారు. 045 అని ఉంటే ఫిబ్రవరి 14 అన్నమాట. కొందరు 'ఈలోపు తాగితే మంచిది' అన్న తేదీ ఒక్కటే వేస్తారు. బీరు ఎప్పుడు తయారైందో దాన్నిబట్టి తెలియదు కాబట్టి నాకది నచ్చదు. ఏ తేదీ లేని ఐపీఏని అరలోనే వదిలేస్తాను.

తేదీ అన్ని రకాలకూ ఒకేలా వర్తించదని కూడా తెలిసి ఉండాలి. మబ్బుగా, పళ్ల వాసనతో ఉండే హేజీ ఐపీఏ కొన్ని వారాల్లోనే తన వైభవం పోగొట్టుకుంటుంది. ఆ వాసననిచ్చే హాప్ నూనెలు ఆక్సిజన్‌కి తట్టుకోలేవు. అదే ఆల్కహాల్ ఎక్కువగా ఉండే ఇంపీరియల్ స్టౌట్, బార్లీ వైన్ (పేరుకే వైన్, అదీ బీరే) లాంటివైతే ఏళ్ల తరబడి ఉంటాయి, కొన్ని ఇంకా బాగుపడతాయి కూడా. అందుకే పెద్దగా అమ్మకాలు లేని షాపులో దుమ్ము పట్టిన ఐపీఏని చూస్తే నాకు దిగులేస్తుంది గానీ, అదే అరలో దుమ్ము పట్టిన బార్లీ వైన్ కనిపిస్తే పండగే. కాలేజీ ఊళ్లలో ఇలాంటివి దొరుకుతుంటాయి. ఎవరో తెప్పించమంటారు, షాపువాళ్లు కేసు తెప్పిస్తారు, అడిగినవాళ్లు డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోతారు, బీరు అక్కడే మిగిలిపోతుంది.

ఇక ఉష్ణోగ్రత. బ్రూవర్లలో 3-30-300 అని ఒక మోటు లెక్క ఉంది. దాదాపు 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడు రోజులు, గది ఉష్ణోగ్రతలో ముప్ఫై రోజులు, ఫ్రిజ్‌లో మూడు వందల రోజులు. ఈ మూడూ బీరుకు చేసే చెరుపు ఇంచుమించు సమానమని ఆ లెక్క. అంకెలు అన్ని బీర్లకూ అచ్చంగా అలాగే సరిపోవు, కానీ దిశ మాత్రం సరైనదే. వేడి పెరిగేకొద్దీ రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయని ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు కదా. ఒకే బీరు ఫ్రిజ్‌లోనూ, బయట అరలోనూ కనిపిస్తే, రెండింటి మీదా ఒకే తేదీ ఉన్నా నేను ఫ్రిజ్‌లోదే తీసుకుంటాను.

వెలుతురు ఇంకా ప్రమాదం. హాప్స్ నుంచి వచ్చే చేదు పదార్థాలను ఐసోహ్యూములోన్లు అంటారు. వెలుతురు పడితే బీరులోనే ఉండే రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) ఆ శక్తిని పీల్చుకుని వాటిని విరగ్గొట్టడానికి కారణమవుతుంది. విరిగిన ముక్క గంధకంతో కలిసి ఒక థయోల్ (ఘాటు కంపు కొట్టే గంధక పదార్థం) తయారవుతుంది. స్కంక్ అనే జంతువు చిమ్మే ద్రవంలో ఉండేవి కూడా ఇదే జాతి రసాయనాలు. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా మన ముక్కు దాన్ని పట్టేస్తుంది. ఈ చర్య అంచెలంచెలుగా ఎలా జరుగుతుందో 2001లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం, గెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి తేల్చారు. ఒకటి అమెరికాలోని చాపెల్ హిల్‌లో ఉంది, ఒకటి బెల్జియంలోని గెంట్‌లో. రెండూ విద్యార్థులతో నిండిన ఊళ్లే! గోధుమరంగు సీసా ఈ వెలుతురును చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది అంతగా ఆపలేదు, రంగులేని గాజు సీసా దాదాపు ఆపదు. క్యాన్‌లోకి వెలుతురు వెళ్లే దారే లేదు. క్యాన్ అంటే చవకబారు సరుకు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. నా దృష్టిలో చిన్న ఊరి షాపు కిటికీ పక్క అరలో ఉండదగ్గది క్యాన్ ఒక్కటే.

ఇప్పుడు గ్లాసు మన ముందుకొచ్చిందనుకుందాం. తాగేముందు వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది పాతబడ్డ బీరు. వెన్న వాసనకు కారణం డయాసిటైల్ అనే పదార్థం, బీరు పులిసేటప్పుడు పుడుతుంది. బీరును పులియబెట్టే ఈస్ట్ దాన్ని తిరిగి లాగేసుకునేంత సమయం ఇవ్వకుండా బీరును తొందరపడి చల్లబరిచి ఉండొచ్చు, లేదా ట్యాపుకు వచ్చే గొట్టాల్లో బ్యాక్టీరియా చేరి ఉండొచ్చు. ఒకే బార్‌లో రెండు మూడు వేర్వేరు బ్రూవరీల బీర్లలో వెన్న వాసనో, పుల్లటి వెనిగర్ వాసనో కొడితే అనుమానం గొట్టాల మీదకే పోవాలి. గొట్టాలను రెండు వారాలకోసారి క్షారంతో కడగాలనీ, ట్యాపు ముక్కును కూడా విప్పి శుభ్రం చేయాలనీ అమెరికాలోని బ్రూవర్స్ అసోసియేషన్ చెబుతుంది. ఆ పని ఎంత శ్రద్ధగా జరుగుతోందో మనకు లోపలికెళ్లి చూసే వీల్లేదు, గ్లాసును చూసి ఊహించుకోవాల్సిందే. గ్లాసు లోపలి గోడకు బుడగలు అతుక్కుని ఉంటే అది సరిగా కడగనట్టు. తాగుతున్నకొద్దీ నురగ వలయాలు వలయాలుగా గోడకు మిగిలితే గ్లాసు శుభ్రంగా ఉన్నట్టు. గ్లాసునే పట్టించుకోనివాళ్లు గొట్టాలను పట్టించుకుంటారా?

కొత్త చోట నేను ముందు చెప్పేది పిల్స్‌నరే. అది కూడా చిన్న గ్లాసే. 1842లో ఇప్పటి చెక్ దేశంలోని ప్లెజెన్ నగరంలో యోసెఫ్ గ్రోల్ కాచిన లాగర్ నుంచి మొదలైన రకం అది. లేత మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్, మెత్తటి నీళ్లు, అడుగున పనిచేసే ఈస్ట్. అంతకుమించి అందులో ఏమీ లేదు. ఐపీఏలో చిన్నాచితకా లోపాలను హాప్స్ కప్పేస్తాయి. స్టౌట్‌లో వేయించిన మాల్ట్ కప్పేస్తుంది. పిల్స్‌నర్‌లో ఏదీ దాగదు. అది శుభ్రంగా ఉంటే ఆ బ్రూవరీకి పని వచ్చినట్టూ, ఆ బార్ గొట్టాలు కడుగుతున్నట్టూ ఒకేసారి తెలిసిపోతుంది. క్రాఫ్ట్ బీరు అంటే చేదు ఐపీఏ అనో, చిక్కటి స్టౌట్ అనో అనుకునే స్నేహితులు దీనికి ఒప్పుకోరు. ఎంత వాదించినా నా అభిప్రాయం మాత్రం మారదు.

కాలేజీ ఊళ్లో మంచి బీరు దొరకదనే మాటను నేనసలు ఒప్పుకోకపోవడానికి ఇంకో కారణం ఉంది. చదువుకూ బీరుకూ ఉన్న బంధుత్వం చాలా పాతది. మేం ల్యాబ్‌లో రోజూ కొలిచే పీహెచ్ స్కేలును 1909లో ప్రతిపాదించిన సోరెన్సెన్ పనిచేసింది కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో. బీరు కంపెనీ పెట్టిన ప్రయోగశాల అది. ఒకే ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ని పెంచే పద్ధతిని 1883లో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ సాధించింది కూడా అక్కడే. కార్ల్స్‌బర్గ్ ఆ ఈస్ట్‌ని దాచుకోకుండా మిగతా బ్రూవరీలకూ పంచింది. స్టాటిస్టిక్స్ క్లాసులో అందరినీ భయపెట్టే టీ-టెస్ట్ ఉంది కదా, దాని వెనక ఉన్న గాసెట్ డబ్లిన్‌లో గిన్నెస్ ఉద్యోగి. బార్లీ, హాప్స్ మీద కొద్దిపాటి నమూనాలతోనే నమ్మదగ్గ నిర్ణయాలు తీసుకోవాల్సి రావడంతో ఆ లెక్క కట్టి, 1908లో 'స్టూడెంట్' అన్న మారుపేరుతో ప్రచురించాడు. మా విద్యార్థులకు ఈ సంగతి చెప్పినప్పుడల్లా వాళ్ల మొహాలు వెలిగిపోతాయి. నాకూ చెప్పిన ప్రతిసారీ అంతే సంతోషం.

క్రాఫ్ట్ బీరు కథలో అయితే కాలేజీ ఊళ్లది ఇంకా పెద్ద భాగం. అమెరికన్ పేల్ ఏల్‌కు ఆ నారింజ, దబ్బ తొక్కల వాసన తెచ్చిపెట్టిన క్యాస్కేడ్ హాప్‌ను పెంచి 1972లో విడుదల చేసింది అమెరికాలోని కొర్వాలిస్‌లో, ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంతో కలిసి నడిచిన ప్రభుత్వ కార్యక్రమం. దానికోసం మొక్కల్ని సంకరం చేసింది 1956లో. అంటే పదహారేళ్ల ఓపిక. ఆ హాప్‌ను తీసుకుని పేల్ ఏల్‌ను ఊరూరా తెలిసేలా చేసిన సియెరా నెవాడా బ్రూవరీ పుట్టింది కాలిఫోర్నియాలోని చీకో అనే మరో కాలేజీ ఊళ్లో. కెన్ గ్రాస్‌మన్ అక్కడ 1976లో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లకు సామాన్లమ్మే షాపు పెట్టాడు. పాల డైరీల పాత సామానును వెల్డింగ్ చేసి బ్రూవరీగా మార్చుకుని, పాల్ కమూసీతో కలిసి 1980లో మొదటి బీరు కాచాడు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో బీరు చదువు చెప్పేది జర్మనీలోని ఫ్రైజింగ్ ఊళ్లో, వైహెన్‌స్టెఫాన్ గుట్ట మీద. పక్కనే ఉన్న బ్రూవరీ 1040 నుంచీ కాస్తున్నామని చెప్పుకుంటుంది. కాలిఫోర్నియాలోని డేవిస్ యూనివర్సిటీలోనూ బ్రూయింగ్ చదువు ఉంది. వీటిలో ఏదీ మహానగరం కాదు.

ఇదంతా చరిత్ర పాఠంగా చెప్పడం లేదు. ఏ కాలేజీ ఊళ్లోనైనా మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, కెమికల్ ఇంజినీరింగ్, వ్యవసాయం లాంటి డిపార్ట్‌మెంట్లలో బీరు కాచడం తెలిసినవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. చట్టం ఒప్పుకునే చోట వాళ్లు ఇంట్లో కాస్తారు, క్లబ్బు పెట్టుకుంటారు. ఊళ్లో ఏ బార్ గొట్టాలు కడుగుతుందో, ఏ షాపు ఐపీఏలను ఫ్రిజ్‌లో పెడుతుందో, దగ్గర్లో ఏ చిన్న బ్రూవరీ మెరుగుపడుతోందో ముందుగా తెలిసేది వాళ్లకే. నాకు బీరు తాగడం నేర్పింది అలాంటి ఒక ఈస్ట్ పరిశోధకురాలు. ఒకే మాల్ట్ రసాన్ని రెండు పాత్రల్లో పోసి, ఒకదాంట్లో మామూలు ఏల్ ఈస్ట్, ఇంకోదాంట్లో జర్మన్ గోధుమ బీరు ఈస్ట్ వేసింది. మొదటిది శుభ్రంగా, బిస్కెట్ వాసనతో వచ్చింది. రెండోదాంట్లో అరటిపండు వాసన, లవంగం వాసన. అందులో అరటిపండూ లేదు, లవంగమూ లేదు. అరటి వాసన ఐసోఅమైల్ ఎసిటేట్‌ది, లవంగం వాసన 4-వినైల్ గ్వాయకాల్‌ది, రెండూ ఆ ఈస్ట్ పనే. రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టుకుని వాసన చూసిన ఆ సాయంత్రం తర్వాత "ఇందులో ఏ ఈస్ట్ వాడారు?" అని అడగకుండా ఉండలేకపోతున్నాను.

అలాంటివాళ్లు పరిచయమయ్యాక వెతుకులాట సగం తగ్గిపోతుంది. నలుగురం కలిసి తలా ఒక సీసా తెచ్చుకుని చిన్న గ్లాసుల్లో పంచుకుంటాం. పెద్ద స్టౌట్‌లో పది శాతానికి పైనే ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి ఇలా పంచుకోవడమే సరైన పద్ధతి. ఊరు చిన్నది, అందరం నడిచే వెళ్తాం. బండి తీయాల్సిన అవసరం ఎవరికీ రాదు, రాకూడదు కూడా. ఎవరైనా వేరే ఊరు వెళ్తున్నారంటే జాబితా చేతిలో పెడతాం. అందరం ఒకే బీరు కావాలంటే షాపువాళ్లను కలిసి అడుగుతాం. ఒక్కరడిగితే కేసు తెప్పించడానికి ఆలోచిస్తారు. నలుగురు అడిగి, వచ్చిన వెంటనే కొంటామని మాటిచ్చి, ఆ మాట నిలబెట్టుకుంటే మళ్లీ మళ్లీ తెప్పిస్తారు. వచ్చాక మాత్రం ఆలస్యం చేయకూడదు. చిన్న ఊళ్లో మంచి బీరు అరలో ఉండిపోయిందంటే షాపువాళ్లు ఇక ఆ రకం బీరే తెప్పించరు.

చివరగా ఒక్క విషయం. బీరు బాగా లేకపోతే మర్యాదగా చెప్పండి. నేను తరచూ వెళ్లే ఒక బార్‌లో కొన్నాళ్లు రెండు ట్యాపుల నుంచి పుల్లటి వాసన వచ్చేది. గ్లాసు వెనక్కివ్వడానికి మొహమాటపడి చాలామంది తాగేసి వెళ్లిపోయేవారు, ఆ తర్వాత ఆ బ్రూవరీ బీరే బాగోదని చెప్పుకునేవారు. పాపం ఆ బ్రూవరీ తప్పేం లేదు. రద్దీ లేని మధ్యాహ్నం వెళ్లి, కౌంటర్‌లో ఉన్నాయనతో నెమ్మదిగా చెప్పాను. అదే బీరు క్యాన్ ఒకటి తెరిచి, ట్యాపు బీరు పక్కన పోసి వాసన చూడమన్నాను. చూశాడు. క్యాన్‌ది బాగానే ఉంది. ఆ వారంలోనే రెండు గొట్టాలూ మార్పించాడు, ట్యాపులు విప్పి కడిగించాడు. ఇప్పుడు కొత్త పీపా తగిలించినప్పుడల్లా ఒక గుక్కెడు పోసి నా ముందు పెడతాడు, ఎలా ఉందో చెప్పమని. ఆ ట్యాపుల్లో ఒకదానికి పిల్స్‌నర్ తగిలించమని అడుగుతున్నాను. వచ్చే సెమిస్టర్ మొదలయ్యాక చూద్దామన్నాడు.